పత్తిని లాగిన ఆవిరి సింహము

సూరతు పేరు వినని తెలుగు గృహిణి యుండదు. పెండ్లి చీరె బేరమాడునపుడు అంచున మెరయుచున్నది సూరతు జరీయేనా యని ఒకటికి రెండుమారులు అడిగి తెలిసికొనుట మన ఇండ్లలో తరతరముల వాడుక. ఆ సూరతు నగరమునకు దక్షిణమున, బొంబాయికి పోవు రైలుమార్గముపై, ఉధ్నా, సచిన్ స్టేషనుల నడుమ భేస్తాన్ అను స్టేషను కలదు. దానికి చేరువనే పాండేసరా మొదలగు పారిశ్రామిక వాడలు, మరమగ్గముల శాలలు, అద్దకపు కర్మాగారములు నెలకొనియున్నవి. సూరతు మగ్గములను నడుపుచున్న చేతులలో తెలుగు చేతులును అనేకము కలవు.

భేస్తాన్ స్టేషనులో నిలుచున్నవాడు ప్రయాణికుల బండి రాకకై ఎదురుచూచును. సరకుల బండి వచ్చినచో విసుగుతో ముఖము త్రిప్పుకొనును. పెట్టెలు లెక్కించుట పిల్లలకు వినోదము. పెద్దలకు అది ఆలస్యమునకు గురుతు. కాని చరిత్ర దృష్టితో చూచినపుడు ఈ మార్గమున అగ్రస్థానము సరకుల బండిదే. ఈ పట్టాలను పరచుటకు పెట్టుబడి పెట్టినవారి తలపులో ముందున్నది ప్రయాణికుడు కాదు, పత్తి. ఆ పత్తిని లాగుటకై ప్రత్యేకముగా ఒక జాతి ఇంజనులు పుట్టినవి. అవి పుట్టిన దేశమేది, వాని బలములోని రహస్యమేమి, వాని వెనుక నడచిన వర్తకము మన నేతగాని బ్రతుకును ఏ త్రోవ పట్టించినది అను విషయములు సూరతునందలి తెలుగు కుటుంబములు తెలిసికొనదగినవి.

మొదటి పత్తిబండి

ఇంగ్లాండు పశ్చిమతీరమున లివర్‌పూల్ రేవు. దానికి తూర్పున సుమారు 30 మైళ్ల దూరమున మాంచెస్టరు నగరము. అమెరికా నుండి ఓడలపై వచ్చిన పత్తి లివర్‌పూలులో దిగి, మాంచెస్టరు ప్రాంతపు మిల్లులకు చేరి, వస్త్రమై మరల అదే రేవునుండి ప్రపంచమునకు పోవుచుండెను. నడుమ త్రోవ కాలువలది. పడవలు మెల్లగ నడచుచుండెను. కాలువల యజమానులు అధికముగ సుంకము గుంజుచుండిరి. ఈ బాధ తొలగించుకొనుటకై వర్తకులు పూనుకొని నిర్మించినదే 1830 సెప్టెంబరు 15న ప్రారంభమైన లివర్‌పూల్–మాంచెస్టరు రైలుమార్గము.

ఆ సంవత్సరము డిసెంబరు నెలలో 'ప్లానెట్' అను ఇంజను 18 బండ్లను లాగుచు లివర్‌పూల్ నుండి మాంచెస్టరునకు బయలుదేరెను. ఆ బండ్లలో 135 మూటల అమెరికా పత్తి, దానితోపాటు పిండి పీపాలు, ధాన్యపు బస్తాలు ఉండెను. బండ్లతో, మనుష్యులతో కలిసి మొత్తము బరువు 80 టన్నులు. మూడు గంటలలోపుననే అది గమ్యము చేరెను. కాలువపై పడవ ప్రయాణమునకు అలవాటుపడిన వర్తకునకు ఇది నమ్మశక్యముగాని సంగతి.

అయినను ఒక చిక్కు మిగిలియుండెను. 'ప్లానెట్' వంటి ఇంజనులు వేగమునకు తగినవి గాని భారమునకు తగినవి కావు. వానియందు ఆవిరి బలము ఒక్క జత చక్రములకే అందుచుండెను. పట్టాలు తడిసియున్నపుడు, ఎత్తు ఎక్కవలసి వచ్చినపుడు, ఆ చక్రములు ఉన్నచోటనే గిరగిర తిరిగి జారిపోవుచుండెను. ఇంజనులో బలము లేక కాదు. ఆ బలమును పట్టాలపై నిలుపుకొను పట్టు లేక.

జోడు చక్రముల రహస్యము

బురదలో దిగబడిన బండిని లాగు మనుష్యుని తలచుకొందము. ఒంటికాలిపై నిలిచి లాగువాడు ఎంతటి కండబలము గలవాడైనను జారిపడును. రెండు కాళ్లు నేలపై ఊని లాగువాడు సామాన్యుడైనను బండిని కదలించును. ఇంజను సంగతియు నింతే. ఇంజను బరువులో ఎంత భాగము త్రిప్పబడు చక్రములపై మోపబడునో అంతవరకే దానికి పట్టాలపై పట్టు కలుగును. కావున ఒక జతకు మాత్రమే బలమీయక, రెండు జతలను వెలుపల నొక ఇనుప కడ్డీతో కలిపి, అన్నియు ఒక్కమారే తిరుగునట్లు చేసినచో, బరువులో ఎక్కువ పాలు లాగుడునకు ఉపకరించును. దీనినే జోడు చక్రముల పద్ధతి యందురు.

ఈ ఉపాయము పూర్తిగ క్రొత్తది కాదు. 1827లో తిమోతి హాక్‌వర్తు అను ఇంజనీరు స్టాక్‌టన్–డార్లింగ్‌టన్ మార్గమున బొగ్గు లాగుటకై ఆరు చక్రములను జోడించి 'రాయల్ జార్జి' అను ఇంజనును నిర్మించియుండెను. పత్తి మార్గమున 1831లో 'సామ్సన్' అను పేర నాలుగు జోడు చక్రముల ఇంజను వచ్చినది. బైబిలులోని మహాబలుని పేరది. అది 30 బండ్లను, మొత్తము 150 టన్నులకు పైబడిన భారమును లాగి చూపెను. నాటినుండి వేగమునకొక ఇంజను, భారమునకొక ఇంజను అను విభజన స్థిరపడసాగెను.

రెండవ భేదము చక్రముల పరిమాణములో కలదు. పెద్ద చక్రము ఒక్కమారు తిరిగినచో ఎక్కువ దూరము పోవును. కాని భారము లాగు శక్తి తగ్గును. చిన్న చక్రము మెల్లగ పోవును. కాని గట్టిగ లాగును. పందెపు గుఱ్ఱమునకును, అరక దున్ను ఎద్దునకును గల తేడా యిది. విక్టోరియా రాణి కాలపు ఇంజనీర్లు ఈ లెక్కను బాగుగ ఎరిగి, సరకుల ఇంజనులకు చిన్న చక్రములను, ప్రయాణికుల ఇంజనులకు పెద్ద చక్రములను అమర్చిరి.

సింహము పుట్టుక

1837 జూన్ నెలలో విక్టోరియా రాణి సింహాసనమెక్కెను. ఆ సంవత్సరము అక్టోబరులో లివర్‌పూల్–మాంచెస్టరు కంపెనీ సరకుల బండ్లకై రెండు ఇంజనులను లీడ్సు నగరమునందలి టాడ్, కిట్సన్, లెయిర్డు అను సంస్థవద్ద కోరెను. 1838లో అవి తయారైనవి. 57వ సంఖ్యగల దానికి 'లయన్' అనగా సింహమనియు, 58వ దానికి 'టైగర్' అనగా పెద్దపులియనియు నామకరణము చేసిరి. కంపెనీ లెక్కలలో ఇట్టివానిని సామాను ఇంజనులని వ్యవహరించుచుండిరి.

ఈ సింహమునకు ముందువైపు రెండు జతల జోడు చక్రములు, వెనుక ఒక జత చిన్న చక్రములు కలవు. జోడు చక్రముల ఎత్తు 5 అడుగులు. వెనుకనున్న చిన్న చక్రములు బరువైన నిప్పుగూటిని మోయుటకు ఏర్పడినవి. ఆ నిప్పుగూటి పైభాగము గడ్డివామి వలె గుండ్రముగ పైకి లేచి, ఇంజనుకు ఒక విలక్షణమైన ఆకారము కల్పించెను. ఇంజను నడుపువానికి ఎండవానలనుండి రక్షణ యనునది లేదు. చిన్న పలకపై నిలిచి పని చేయవలసినదే. ఊళ్లమీదుగ పోవు బండి పొగ వెదజల్లరాదను నియమముచేత ఆనాడు బొగ్గునకు బదులు కోకును మండించుచుండిరి.

1845లో ఆ కంపెనీ మరియొక కంపెనీలో లీనమయ్యెను. 1846లో అదియు లండన్–వాయవ్య రైల్వేలో కలిసెను. యజమానులు మారినను సింహము పట్టాలపై పని చేయుచునే యుండెను. తుదకు దాని తరము ఇంజనులకు కాలము చెల్లగా, 1859లో దానిని లివర్‌పూల్ రేవు అధికారులకు అమ్మివేసిరి. అచ్చట దానిని ఒకచోట నిలిపి, నీరు తోడు పంపును నడుపుటకు వినియోగించిరి. పరుగెత్తు సింహము కట్టుగొయ్యకు చిక్కినట్లయ్యెను. కాని ఆ బంధనమే దానిని కాపాడెను. దాని సహచరులు తుక్కైపోగా, సింహము 1928 వరకు నీరు తోడుచునే యుండి, పిమ్మట బాగుచేయబడి, 1930లో ఆ రైలుమార్గపు శతవార్షికోత్సవమున మరల పట్టాలపై నడచెను. 1953లో విడుదలయైన 'ది టిట్‌ఫీల్డ్ థండర్‌బోల్ట్' అను ఆంగ్ల చలనచిత్రమున అది ముఖ్య పాత్రయే వహించినది. నేడది లివర్‌పూల్ మ్యూజియమున ఉన్నది.

ఇంజను ఓడ యెక్కుట

సింహమును నిర్మించిన వారిలోని కిట్సన్ పేరు భారతదేశమునకు పరాయిది కాదు. కిట్సన్, థాంప్సన్, హ్యూయిట్సన్ అను పేర లీడ్సునందే నెలకొన్న సంస్థ 1855లో ఈస్టిండియా రైల్వేకై నిర్మించిన ఇంజనే ఢిల్లీ రైల్వే మ్యూజియము వారి సుప్రసిద్ధమైన 'ఫెయిరీ క్వీన్'. అది తపాలా బండ్లకై ఏర్పడినది కావున దాని పెద్ద చక్రములు ఒక జతయే, వాని ఎత్తు 6 అడుగులు. సింహముతో పోల్చి చూచినచో వేగపు ఇంజనుకును భారపు ఇంజనుకును గల భేదము ఇట్టే బోధపడును. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణాకు నడచిన బండిని లాగిన ఇంజనులు వల్కన్ ఫౌండ్రీ వారు నిర్మించినవి. ఆ కర్మాగారము లివర్‌పూల్–మాంచెస్టరు మార్గమునకు చేరువనే ఉండెను. పత్తి మార్గమున పెరిగిన విద్యయే ఓడ యెక్కి బొంబాయికి వచ్చినదన్నమాట.

ఇంకొక విశేషము గమనింపదగినది. భారతదేశమున తొలుత పని చేసిన ఆవిరి ఇంజను మనుష్యులను మోయలేదు. 1851లో గంగా కాలువ నిర్మాణమున రూర్కీ వద్ద మట్టిని మోసిన 'తామసన్' అను ఇంజనుకే ఆ ఖ్యాతి దక్కినది. మన గోదావరిపై కాటన్ దొర ధవళేశ్వరము ఆనకట్టను 1847 నుండి 1852 వరకు కట్టించినపుడును రాళ్లను చేరవేయుటకు పట్టాలు పరచిరి. అయితే కాటన్ దొర దేశమునకు రైళ్లకంటె కాలువలే చవకయైన రవాణా సాధనములని గట్టిగ వాదించినవాడు. నీరు పొలమునకు పారును, పడవను మోయును; రైలు మోయుట మాత్రమే చేయునని ఆయన వాదము. నాటి పాలకులు ఆ వాదమును చెవినిడలేదు.

ఎందువలన? లంకాషైరు మిల్లులకు పత్తి తొందరగ కావలసియుండెను. గ్రేట్ ఇండియన్ పెనిన్సులా రైల్వేకు ప్రచారము చేసిన జాన్ చాప్మన్ 1851లో భారతదేశపు పత్తి వర్తకమును గూర్చి ఒక గ్రంథమునే రచించెను. గవర్నరు జనరలు డల్‌హౌసీ 1853 ఏప్రిల్ 20న వ్రాసిన సుప్రసిద్ధమైన రైల్వే నివేదికలో ఇంగ్లాండు పత్తి కొరకు ఎంతగ ఆరాటపడుచున్నదో, రేవులకు చేరవేయు సాధనములే యున్నచో భారతదేశము ఎంత పత్తి నీయగలదో వివరించెను. కంపెనీల పెట్టుబడిపై సాలునకు నూటికి 5 వంతున వడ్డీకి ప్రభుత్వము పూచీ వహించెను. లాభము రాకున్న ఆ లోటు తీర్చవలసినది ఈ దేశపు ఖజానా. సరకు వారిది, లాభము వారిది, నష్టభయము మనది.

భేస్తాన్ మీదుగ

బొంబాయి, బరోడా, మధ్యభారత రైల్వే కంపెనీ 1855లో ఏర్పడెను. దాని ఇంజనీరు కర్నల్ జాన్ పిట్ కెన్నెడీ. గుజరాతు తీరమున పని చేయువానికి మొదటి శత్రువులు నదులు. సూరతునకు ఉత్తరమున తపతి, నర్మద. దక్షిణమున మింధోళా, పూర్ణ, అంబిక, ఔరంగ, పార, దమణగంగ. అన్నియు సముద్రమునకు చేరువలో విశాలముగ పారుచు, వరదలలో ఉప్పొంగునవే. కెన్నెడీ ప్రతి వంతెనకు ప్రత్యేక నమూనా గీయక, ఒకే కొలతగల ఇనుప దూలములను ఇంగ్లాండులో చేయించి, ఓడలపై తెప్పించి, మర వలె భూమిలోనికి దిగు ఇనుప స్తంభములపై నిలిపించెను. ఒక ముక్క చెడినచో దాని స్థానమున మరియొకటి అమర్చుటకు వీలుకలిగెను.

1860 ఫిబ్రవరి 10న ఉత్రాణ్ నుండి అంక్లేశ్వరు వరకు 29 మైళ్ల మార్గము ప్రారంభమయ్యెను. ఆ సంవత్సరమే తపతిని దాటి బండి సూరతు చేరెను. 1861లో బరోడా, 1863లో అహమ్మదాబాదు కలిసినవి. 1864 నవంబరు 28న సూరతునుండి బొంబాయి గ్రాంట్ రోడ్డు వరకు మార్గము సంధానమయ్యెను. భేస్తాన్ నేలమీదుగ సూరతు బొంబాయిలు ముడివడినది ఆ మార్గముచేతనే. అంతకుముందు భరూచి పత్తి చిన్న ఓడలలో సముద్రముపై బొంబాయి చేరుచుండెను. వానకాలమున ఆ రాకపోకలు నిలిచిపోవుచుండెను. లోపలి దేశముల పత్తి బంజారాల ఎడ్లమీద, బండ్లమీద నెలల తరబడి నడచి, దుమ్ములో పొర్లి, వానలో తడిసి చేరుచుండెను. మన తీరపు ఉప్పును దక్కను పీఠభూమికి మోసిన లంబాడీల వృత్తియు ఇట్టిదే. ఆవిరి ఇంజను రాకతో వారి ఎడ్లకు పని తప్పెను.

ఈ మార్గము పూర్తియైన కాలమును గమనింపుడు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగెను. ఉత్తర రాష్ట్రముల నౌకలు దక్షిణపు రేవులను దిగ్బంధించినవి. ఇంగ్లాండు వాడు పత్తిలో అయిదింట నాలుగు వంతులు ఆ రేవులనుండియే వచ్చుచుండినది. ఒక్కసారిగ అది నిలిచిపోగా లంకాషైరు మిల్లులు మూతబడెను. 1862 చివరకు దాదాపు 5 లక్షలమంది సహాయ నిధులపై బ్రతుకవలసిన దుస్థితి కలిగెను. అపుడు అందరి చూపును బొంబాయి వైపు మరలెను. పత్తి ధర ఆకాశమునంటెను. బొంబాయి వర్తకులు కోట్లు గడించిరి. 1865లో యుద్ధము ముగియగానే ధరలు కూలి అనేకులు దివాలా తీసిరి.

సూరతు పేరునకు వచ్చిన నింద

పశ్చిమ భారతమునుండి వచ్చు పత్తినంతను ఇంగ్లాండులో 'సూరతు' అనియే పిలుచుచుండిరి. మన గుంటూరు, కృష్ణా సీమల పత్తికి వర్తకమున కాకినాడ పేరు వచ్చినట్లే ఇదియు రేవును బట్టి వచ్చిన పేరు. ఈ పత్తి పోగు పొట్టిది. అమెరికా పత్తి యొక్క పొడవు పోగునకు అమర్చిన యంత్రములపై అది మాటిమాటికి తెగిపోవుచుండెను. నేతగానికి నేసిన కొలది కూలి. దారము తెగినకొలది కూలి తెగును. అందుచేత లంకాషైరు కార్మికులు సూరతు పేరు వినిననే మండిపడిరి. దేవుడా, పత్తి పంపుము గాని సూరతు మాత్రము పంపకుము అని ప్రార్థనలో ఒకడు కేక వేసెనని అచ్చట కథగ చెప్పుకొనెడివారు. నాసిరకపు వస్తువు నెల్ల సూరతు అనుట వాడుకయయ్యెను. కొందరు వ్యాపారులు పత్తిలో మట్టి, గింజలు కలిపి బరువు పెంచిన మాటయు నిజమే. దానిని అరికట్టుటకు బొంబాయి ప్రభుత్వము 1863లో ఒక చట్టము చేసెను.

కాని పొట్టి పోగు పత్తి నాసిరకమనుట న్యాయము కాదు. శ్రీకాకుళము సీమలోని పొందూరు నేతను ఎరిగినవారు ఈ మాట నొప్పుకొనరు. అచ్చటి స్త్రీలు పొట్టి పోగుగల నాటు పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వి, చేతితో వడికి, నూరవ నంబరు వరకు సన్నని నూలు తీయుదురు. చేతికి లొంగిన పత్తి యంత్రమునకు లొంగలేదు. లోపము పోగులో లేదు. ఒక దేశపు పంటకు అమర్చిన యంత్రమును మరియొక దేశపు పంటపై ప్రయోగించుటలో కలదు. ఈ వివేకమును నాడు ఎవరును సూరతు పక్షమున చెప్పలేదు.

ఇందులోనొక విచిత్రము కలదు. సూరతు మూటలు లివర్‌పూల్ రేవున దిగుచున్న ఆ దినములలో, ముసలి సింహము అదే రేవున కట్టుబడి నీరు తోడుచుండెను. అమెరికా పత్తిని మోయుటకు పుట్టిన ఇంజను భారతదేశపు పత్తి వచ్చునాటికి పరుగు మరచిపోయెను. దాని విద్యను నేర్చిన క్రొత్త ఇంజనులు గుజరాతు నేలపై ఆ మూటలను రేవునకు చేర్చుచుండెను.

ఇంజనుకు దిక్కెవరు?

పత్తి పోయిన త్రోవనే మిల్లు బట్ట తిరిగి వచ్చెను. చవకయైన ఆ బట్టముందు మన మగ్గములు అనేకము నిలువలేకపోయెను. 1611లో ఆంగ్ల వర్తకులు మచిలీపట్నమున దిగినదియు, 1613లో సూరతున కోఠీ స్థాపించినదియు మన బట్టలకొరకే. కలంకారీని వెదకికొని వచ్చినవారి సంతతి రెండున్నర శతాబ్దముల పిమ్మట పత్తిని కొనిపోయి బట్టను తెచ్చి అమ్మసాగెను. అయినను ఏకపక్షముగ తీర్పు చెప్పరాదు. ఈ రైలుమార్గమే అహమ్మదాబాదును పెద్ద మిల్లుల నగరముగ ఎదుగునట్లు చేసినది. అచ్చట రణఛోడ్‌లాల్ ఛోటాలాల్ 1861లో మొదటి మిల్లును నడిపించునాటికి రైలు ఇంకను ఆ నగరము చేరలేదు. యంత్రములు ఖంభాతు రేవునుండి ఎడ్లబండ్లమీద రావలసివచ్చెను. పిమ్మటి మిల్లులకు ఆ శ్రమ తప్పెను. ఆవిరి ఇంజను బలమిచ్చును గాని దిక్కు నిర్ణయింపదు. దానికి ఏ బండి తగిలింతుమో దానిని లాగును.

ఆ దిక్కును మన చేతికి తెచ్చుకొనుటకు చాలకాలము పట్టెను. 1895లో అజ్మీరు కర్మాగారమున భారతదేశములో నిర్మింపబడిన మొదటి రైలింజను తయారయ్యెను. అది ఆరు జోడు చక్రముల 'ఎఫ్' తరగతి ఇంజను. బొంబాయి–బరోడా కంపెనీ నడుపుచుండిన రాజపుతానా–మాళవా మార్గమునకై ఏర్పడినది. నేడది ఢిల్లీ మ్యూజియమున ఉన్నది. స్వాతంత్ర్యానంతరము 1950 నవంబరు 1న చిత్తరంజన్ కర్మాగారమునుండి వెలువడిన మొదటి ఇంజనుకు 'దేశబంధు' అని పేరు. అదియు 'డబ్ల్యు జి' తరగతికి చెందిన సరకుల ఇంజనే; ఎనిమిది జోడు చక్రములది. స్వతంత్ర దేశము తన చేతులతో మొదట చేసికొన్నది భారము మోయు ఇంజను అగుట సముచితముగ నున్నది. 1951 నవంబరు 5న పశ్చిమ రైల్వే ఏర్పడి భేస్తాన్ మార్గము దాని క్రిందికి వచ్చెను. 1995 నాటికి దేశమున పెద్ద పట్టాలపై ఆవిరి ఇంజనుల నిత్యసేవ ముగిసెను. సరకుల బండ్లకొరకే ప్రత్యేకముగ నిర్మించిన పశ్చిమ మార్గము నేడు సూరతు జిల్లా మీదుగ పోవుచున్నది.

ఇక తెలుగువారి సంగతి. చేమగ్గము కూడు పెట్టలేని దినములు రాగా కరీంనగరు, వరంగల్లు, నల్గొండ మొదలగు సీమల పద్మశాలీలు షోలాపురమునకు, బొంబాయికి, భివండికి, సూరతునకు తరలివచ్చిరి. మరమగ్గము వారికి క్రొత్త యైనను పడుగు పేకల విద్య క్రొత్త కాదు. వరంగల్లు నుండి భూసావల్, జల్గాం, నందుర్బారుల మీదుగ సూరతు చేరు నవజీవన్ ఎక్స్‌ప్రెస్సు పేరు తెలియని తెలుగు కుటుంబము ఈ నగరమున అరుదు. పత్తిని నేతగానినుండి దూరముగ కొనిపోయిన పట్టాలే తరములు గడచిన పిమ్మట నేతగానిని మగ్గమువద్దకు చేర్చినవి. కాని ఇపుడు ఆ మగ్గముపై పారునది ఎక్కువగ పత్తి నూలు కాదు, కృత్రిమపు నూలు. సూరతు పేర నింద మోసిన నగరమే నేడు దేశమంతటికి చీరెలు పంపుచున్నది. ఆ చీరెలలో తెలుగు నేతగాని చెమట కలదు. నగరపాలక సంస్థ పాఠశాలలలో తెలుగు మాధ్యమమున చదువు చెప్పుట ఆ చెమటకు లభించిన కొంత గుర్తింపు.

లివర్‌పూల్ వారు ఒక పాత ఇంజనును అనేక యేండ్ల పిమ్మట గుర్తించి, తుడిచి, మ్యూజియమున నిలిపిరి. ఏ సంవత్సరమున ఎవరు చేసిరో, ఎన్ని అంగుళముల చక్రమో, ఏ రేవున నీరు తోడినదో అన్నియు వ్రాసియుంచిరి. ఆ ఇంజను మోసిన పత్తిని నేసినవారి పేర్లు మాత్రము ఎచ్చటను వ్రాయబడలేదు. సూరతునకు వచ్చిన మొదటి తరము తెలుగు నేతగాండ్రు వృద్ధులైనారు; కొందరు గతించిరి. వారు ఏ ఊరినుండి, ఏ సంవత్సరమున, ఏ బండిలో వచ్చిరో, మొదట ఎవరి ఇంట తలదాచుకొనిరో, ఏ శాలలో మగ్గము పట్టిరో వారి మనుమలు అడిగి వ్రాసికొనుట కష్టమైన పని కాదు. ఒక నోటు పుస్తకమును, కొన్ని ఆదివారములును చాలును.

సరకుల బండికి స్టేషను గోడమీది కాలపట్టికలో చోటుండదు. అది వచ్చు వేళ, పోవు వేళ ప్రయాణికునకు ఎవరును ప్రకటింపరు. అయినను దేశపు భారమును లాగునది అదియే. భేస్తాన్ మీదుగ అట్టి బండి పోవునపుడు ఇంటి పెద్దలు పిల్లలకు పెట్టెల లెక్కతోపాటు ఈ కథయు చెప్పవలెను.